రావడానికి గంటన్నర

మొన్న అచ్యుతాపురం వెళ్ళే కంపెనీ బస్సులో, ల్యాబ్‌లో నా పక్క టేబుల్ అమ్మాయి ఫోను చూసుకుంటూ సంబరంగా అంది: “మేడమ్, వైజాగ్ నుంచి సింగపూర్ నాలుగు గంటలేనంట! దూరం కూడా మూడు వేల కిలోమీటర్ల లోపే. మనం రోజూ ఈ బస్సులో పోయి రావడానికి దాదాపు అంతసేపు పడుతోంది.”

కొత్తగా పెళ్ళయిన పిల్ల. భర్తతో సింగపూర్ చూడ్డానికి వెళ్తోంది. నేను సీటుకి తల ఆనించి, కళ్ళు మూసుకునే అడిగాను.

“పోవడానికా, రావడానికా?”

బస్సులో నలుగురూ నవ్వారు. మేడమ్‌కి నిద్ర చాల్లేదన్నారు. నిజమే, నాకు నిద్ర చాలక చాలా ఏళ్ళయింది. కానీ ఆ మాట నిద్రమత్తులో వచ్చింది కాదు. వివరంగా చెప్పాలంటే ఫ్యాక్టరీ గేటు దాకా చెప్పాలి, అంత ఓపిక లేక ఊరుకున్నాను. సింగపూర్ పోవడానికి ఆరున్నర గంటలు, అక్కణ్ణించి రావడానికి గంటన్నర అని నమ్మకంగా చెప్పిన మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది.

ఆవిడ ఇల్లు మల్కాపురంలో. కింద రెండు గదులూ వరండా ఆవిడవి, డాబా మీద ఒక గది నాది. పెళ్ళి పెటాకులై, పుట్టింటికి వెళ్ళడానికి మొహం చెల్లక, ఒంటరి ఆడదానికి గది ఎవరిస్తారా అని తిరుగుతున్న రోజులవి. మీ ఆయనేం చేస్తాడు, మీరేమిట్లు, చుట్టాలెవరైనా వస్తారా అని అందరూ అడిగే ప్రశ్నలేవీ ఆవిడ అడగలేదు. అడిగింది ఒక్కటే.

“పొద్దున్న ఏ యేళకి ఎల్తావమ్మీ? ఎంతసేపటికి సేరతావు?”

ఆరున్నరకి బస్సు, ఎనిమిదికల్లా చేరతానన్నాను.

“అయితే సేరగానే నాకో మిస్డ్ కాలియ్యి. మరిసిపోకు. ఇల్లు ఊడుసుకోవాల.”

గది అద్దెకిచ్చేటప్పుడు ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే. ఈవిడ ఇల్లు ఊడ్చుకోవడానికీ నేను ఫ్యాక్టరీకి చేరడానికీ ఏమిటి సంబంధమా అని ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత గుర్తొచ్చి నవ్వుకున్నాను. మనిషి గడప దాటి వెళ్ళాక వెంటనే ఇల్లు ఊడవకూడదు, తలంటుకోకూడదు. ఇంట్లోంచి శవం లేచినప్పుడే అలా వెనకాలే ఊడ్చి కడుగుతారు, బతికున్నవాళ్ళ వెనకాల ఆ పని చేయకూడదు. ఈ పట్టింపు మా గోదావరి వైపూ ఉంది. కాకపోతే మా అమ్మ నాన్నగారు వీధి మలుపు తిరిగే దాకా ఆగి చీపురు అందుకునేది. ఈవిడ దగ్గర ఆ వెసులుబాటు లేదు. మనిషి చేరినట్టు కబురు రావాలి. “బస్సెక్కితే సేరిపోనట్టేటి?” అనేది.

మల్కాపురంలో ఇల్లు ఊడవకుండా ఉంచడం అంటే ఏమిటో అక్కడ కాపురం ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. గాలి రేవు వైపు నుంచి మళ్ళిందంటే బొగ్గు గుట్టల మీది సన్నటి నల్లదుమ్ము కిటికీ ఊచల మీదా, మంచినీళ్ళ బిందె మూత మీదా, ఆరేసిన బట్టల మీదా దిగుతుంది. పొద్దున్న ఊడ్చిన వరండా మధ్యాహ్నానికి పలకలా తయారవుతుంది, నడిస్తే పాదాలు అచ్చు పడతాయి. అలాంటి ఇంట్లో ఎడమ చంకలో చీపురు, కుడి చేతిలో ఫోను పెట్టుకుని, వరండా మెట్టు మీద నా మిస్డ్ కాల్ కోసం కూచునేది. ఫోను ఒక్కసారి మోగి ఆగగానే “సేరింది” అని తనలో తాను అనుకుని లేచేదట. ఎదురింటి వాళ్ళు చెప్పి నవ్వేవాళ్ళు.

ఒకరోజు బస్సు గాజువాక దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఆలస్యమై, ఫోన్లు గేటు దగ్గర లాకర్లో పెట్టేసి లోపలికి పరిగెత్తాం. మిస్డ్ కాల్ సంగతే మర్చిపోయాను. సాయంత్రం వచ్చేసరికి ఆవిడ అదే మెట్టు మీద ఉంది. ఇల్లంతా నల్లగా ఉంది.

“వచ్చేశానుగా పిన్నిగారూ. చేరకుండా ఎలా వస్తాను? ఇంక ఊడ్చుకోండి.”

“ఇప్పుడేటి ఊడుత్తాను? దీపాలెట్టీసినాను. దీపాలెట్టినాక ఊడుత్తారేటి ఎవులైనా?” అంది. కోపంగా అనలేదు, నేనేదో చిన్నపిల్లనైనట్టు చెప్పింది. ఆ రాత్రి ఇద్దరం నల్లకాళ్ళతోనే అన్నం తిన్నాం.

అన్నం తిన్నామని ఎందుకంటున్నానంటే, వండుకునే ఓపిక లేక నేను గదిలో బిస్కెట్లు తింటున్నానని ఆవిడ ఎలాగో కనిపెట్టి, రోజూ కింద నుంచే కేకేసేది. చేపల పులుసు వండిన రోజు ఆ కేక వీధి చివరికి వినబడేది. బయటికెళ్ళే మనిషిని ఎక్కడికని మాత్రం ఎప్పుడూ అడగలేదు. “ఎందాకా?” అనేది. ఎక్కడికని అడిగితే పని చెడుతుందని ఒక నమ్మకం. ఇలాంటివి ఆవిడ దగ్గర ఎన్నో ఉండేవి. విసుగొచ్చేది. చాకిరీతో ఒళ్ళు పులిసిపోయి వచ్చిన మనిషికి ఈ పట్టింపులన్నీ ఎదురైతే విసుగు రాదా మరి?

ఆవిడ భర్తని నేను బాబాయ్‌గారనేదాన్ని. ఆయన సింగపూర్‌లో ఓడలు బాగుచేసే చోట వెల్డరు. మా డాబా మీద నిలబడితే ఇక్కడి షిప్‌యార్డు క్రేన్లు చేతికందేటంత దగ్గరగా కనిపిస్తాయి. ఆవిడ వాటిని చూసినప్పుడల్లా ఒకే మాట అనేది.

“వీధి దాటితే షిప్‌యార్డు. ఆ పనే సెయ్యడానికి మీ బాబాయ్ సంద్రం దాటినాడు.”

రెండేళ్ళకో కాంట్రాక్టు. ప్రతిసారీ ఇదే ఆఖరనేవారట. వచ్చి నెల రోజులుండి, మళ్ళీ సంతకం పెట్టి వెళ్ళేవారు. పిల్లల్లేరు. ఇల్లు కట్టుకోవడమూ, ఆవిడ తమ్ముడికో దారి చూపించడమూ ఎప్పుడో అయిపోయాయి. ఇంకా ఎందుకు వెళ్తున్నారో ఆయనకైనా తెలుసో లేదో. “నాకింకేటీ వద్దమ్మీ. వచ్చీసి ఉండిపోమను. అంతే,” అనేది ఆవిడ. ఆవిడ నోట విన్న కోరిక అదొక్కటే. చీర కావాలనిగానీ, తీర్థం వెళ్ళాలనిగానీ ఎప్పుడూ అనలేదు.

విమానం టిక్కెట్టు ఆయన నా ఫోనుకి పంపేవారు, నేను చదివి వినిపించాలి. మొదటిసారి చదివినప్పుడు పుట్టింది ఆ గంటన్నర. సింగపూర్‌లో ఉదయం ఏడున్నరకి బయల్దేరి, విశాఖపట్నంలో తొమ్మిదికి దిగుతుంది అన్నాను. ఆవిడ వేళ్ళు మడిచి, “గంటన్నరేనా! విజీనారం పోయొచ్చినంత సేపు కాదు!” అంది. తిరుగు టిక్కెట్టు చూస్తే ఇక్కడ పదింటికి ఎక్కితే అక్కడ సాయంత్రం నాలుగున్నర. అదీ వేళ్ళ మీద చూసుకుంది. “పోడానికి ఆరున్నర. రావడానికి గంటన్నర. సూసినావా, ఊరికి రావడమెప్పుడూ దగ్గిరే.”

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందని చెప్పాను. వినలేదు. వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి, టార్చిలైటు వేసి, తిప్పి తిప్పి చూపించాను. శ్రద్ధగా అంతా చూసి, “అయిపోనాదా? అయితే ఇలాగియ్యి, పప్పులోకి పిండుతాను,” అని నిమ్మకాయ లాక్కుంది.

ఆ తర్వాత వీధిలో ఎవరు అడిగినా అదే లెక్క. ఆయన వచ్చే రోజు ఉదయం వాకిట్లో పెద్ద ముగ్గేసి, డాబా ఎక్కి, ఆకాశంలో దిగుతున్న విమానాలన్నిటినీ చూస్తూ నిలబడేది. ఆయన ఆటో దిగేసరికి మాత్రం కిందికొచ్చి, ఏమీ ఎరగనట్టు బియ్యంలో రాళ్ళేరుతూ ఉండేది. అంతగా ఎదురుచూసిన మనిషి ఆయన ఉన్న నెల్లాళ్ళూ సవ్యంగా మాట్లాడగా నేను వినలేదు. పొద్దున లేస్తే తిట్లే. ఆ నెలంతా ఎప్పుడు పడితే అప్పుడు ఊడ్చేది. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతుంటే చీపురుతో పాదాల మీద కొట్టి, “కాళ్ళెత్తు. ఎత్తు మరి!” అనేది. ఆయన పేపరు దించకుండా రెండు కాళ్ళూ గాల్లోకి లేపేవారు. నేను మెట్ల మీంచి ఇది చూసి, నా కాపురంలో నన్ను ఒక్కరోజైనా ఎవరైనా ఇలా తిట్టారా అనుకునేదాన్ని. ఈర్ష్య అంటే ఈర్ష్యే.

ఆయన వెళ్ళిన రోజు ఇల్లు అలాగే ఉండేది. బూట్ల గుర్తులు గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గేటుకి. ఆవిడ వాటి పక్కనుంచి నడిచేది. విమానం దిగి, క్యూలో నిలబడి, పనివాళ్ళుండే డార్మిటరీకి చేరి ఆయన ఫోను చేసేసరికి ఇక్కడ నాలుగున్నర అయ్యేది, దాంతో ఆవిడ ఆరున్నర గంటల లెక్క మరింత గట్టిపడేది. ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు. స్పీకర్లో ఆ గొంతు నాకు పైదాకా వినబడేది.

“సేరాను. ఇంక ఊడిసేయ్.”

లోపలి గది మూల నుంచి మొదలుపెట్టి, వరండాని అన్నిటికంటే ఆఖర్న ఊడ్చేది.

ఒకసారి ఆయన రావలసిన వేసవిలో రాలేదు. అక్కణ్ణించే మరో రెండేళ్ళకి సంతకం పెట్టేశానని ఫోను చేశారు. ఆ సాయంత్రం నేను రెండు షిఫ్టులు వరసగా చేసి వచ్చాను. ఆవిడ గేటు దగ్గర పొరుగావిడతో అంటోంది: “గంటన్నర దూరం. వద్దామనుకుంటే ఎంతసేపు?” నాకెందుకో ఒళ్ళు మండింది.

“గంటన్నర కాదు పిన్నిగారూ, నాలుగు గంటలు. పోయినా నాలుగే, వచ్చినా నాలుగే. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?”

పొరుగావిడ జారుకుంది. ఆవిడ గేటు వేసి, నా చేతిలో సంచి అందుకుని, మెట్టు మీద కూచోబెట్టింది.

“గడియారం సంగతి నాకు తెల్దనుకున్నావేటి? ఇన్నేళ్ళుగా రోజూ మాటాడతన్నాను. నాను టీ పెడతన్నానంటే, ఆయన కూడు తిన్నీసినానంతాడు. నాలుగ్గంటలే. తెలుసు.”

“మరి?”

“పోడానికీ నాలుగే, రావడానికీ నాలుగే అంటే రెండూ ఒకటే అయిపోద్ది కదమ్మీ. అప్పుడింక మనిసి ఎటు మొగ్గుతాడు? రావడం దగ్గిరని నానైనా అనుకోపోతే, ఆయనకెవులు సెప్తారు?”

ఆ పైన నేనెప్పుడూ నిమ్మకాయ తీయలేదు. ఎవరైనా నన్నడిగితే నేనూ గంటన్నరే చెప్పేదాన్ని.

చివరి కాంట్రాక్టు ఉగాదికి అయిపోతుందన్నారు. ఈసారి సంతకం పెట్టనని ఆయన ఒట్టేశారట. ఆవిడ నమ్మింది. ఎంత నమ్మిందంటే, వరండాకి పాత గచ్చు తీయించి టైల్స్ వేయించింది, అవీ తెల్లవి. మల్కాపురంలో తెల్ల టైల్సా అని వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను.

“నల్లగైతే అవ్వనీ. రోజంతా ఊడుత్తాను. ఇంక గడప దాటి పోయేదెవులు?” అంది.

ఆ కార్తీకంలోనే, ఒకరోజు పొద్దున్న కుళాయి దగ్గర పడిపోయింది. నేను బస్సెక్కేసరికి బాగానే ఉంది, “ఎందాకా” అని కూడా అడిగింది, రోజూ అడిగినట్టే, నవ్వుతూ. ఎనిమిదికి మిస్డ్ కాల్ ఇచ్చాను. ఆవిడ ఫోను ఆ మెట్టు మీదే మోగిందట. భోజనాల వేళ లాకర్ తీసి చూసుకుంటే పదిహేను కాల్స్ ఉన్నాయి, అన్నీ ఎదురింటివాళ్ళవి. అప్పటికే అయిపోయింది.

భీమిలి నుంచి తమ్ముడొచ్చాడు. ఐస్ బాక్సు తెప్పించారు. సాయంత్రానికే కానిచ్చేద్దామా, బావ కోసం ఆపుదామా అని తర్జనభర్జన. అతను నా దగ్గరికొచ్చి అడిగాడు.

“సింగపూర్ నుంచి ఎంతసేపు పడుద్దమ్మా?”

“గంటన్నర,” అన్నాను.

అతని మొహం వికసించింది. అప్పుడు నాకు తెలివొచ్చింది. ఆ రోజు నేరుగా వచ్చే విమానమే లేదు. చెన్నై మీదుగా రావాలి, అక్కడ రాత్రంతా పడిగాపులు. మర్నాడు మధ్యాహ్నానికిగానీ చేరరని చెప్పాల్సి వచ్చింది. నేను కాళ్ళావేళ్ళా పడ్డంత పని చేసి ఆపించాను. రావడం ఎంత దూరమో ఆ రాత్రి ఐస్ బాక్సు పక్కన కూచుని తెలుసుకున్నాను.

ఆయన చిన్న సంచితో వచ్చారు. బూట్లు విప్పకుండానే వరండాలో నిలబడిపోయారు. ఏడవలేదు. “ఉగాది దాకా ఆగనేకపోనావేటే,” అన్నారు, ఎప్పుడూ ఆవిడ ఆయన్ని కసిరినట్టే.

పాడె లేచి వీధి మలుపు తిరిగిందో లేదో, ఆడవాళ్ళు చీపుళ్ళూ బకెట్లూ అందుకున్నారు. అది ఆచారం, వాళ్ళని అనడానికేం లేదు. నిమిషాల్లో ఊడ్చి, నీళ్ళు కొట్టి, కడిగేశారు. తెల్ల టైల్స్ వేయించిన రోజున ఎలా ఉన్నాయో అలా మెరిశాయి. శ్మశానం నుంచి తడిబట్టలతో వచ్చిన మనిషి గేటు దగ్గరే ఆగిపోయి, ఆ నేల వైపు చూశారు.

“అప్పుడే ఊడ్సీసినారేటి?” అన్నారు.

ఆడవాళ్ళు బకెట్లు పక్కకి జరిపి దారిచ్చారు.

పన్నెండో రోజు అయ్యాక టిక్కెట్టు నాకు చూపించారు. ఉదయం పది. ఉండిపోవచ్చు కదా బాబాయ్‌గారూ అన్నాను.

“ఉండిపోమన్న మనిసే పోనాది. ఇంకెవులికోసమమ్మా?” అని, తాళంచెవి నా చేతిలో పెట్టారు. “ఇల్లు సూత్తుండు.”

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగారు, అలవాటు కొద్దీ. నేను మెట్టు మీద నిలబడి ఉన్నాను. గాలి ఆ రోజు రేవు వైపు నుంచే వీస్తోంది. తెల్ల టైల్స్ అప్పటికే నల్లబడ్డాయి, ఆయన బూట్ల గుర్తులు గది నుంచి గేటు దాకా ఒక్కొక్కటీ స్పష్టంగా పడ్డాయి.

నేను ఆ రోజు సెలవు పెట్టాను. ఎందుకని అడిగితే చెప్పడానికి నాకు కారణం లేదు. మధ్యాహ్నం తర్వాత తలుపు వెనకాల ఆవిడ చీపురు తీసుకుని, మెట్టు మీద కూచున్నాను. నాలుగున్నర అయింది, ఫోను రాలేదు. అయిదు దాటినా రాలేదు. నేనే చేశాను.

“చేరారా బాబాయ్‌గారూ?”

“సేరి శానాసేపయిందమ్మా,” అన్నారు. “ఎవులు సూత్తారులే అని ఫోను సెయ్యనేదు.”

“నేను చూస్తున్నాను.”

ఆయన అడిగారు, “సీపురట్టుకుని కూకున్నావేటి?”

“ఆఁ.”

ఆవిడ పోయిన రోజు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చారు. ఫోను చెవికి ఆనించుకుని నేనూ ఏడ్చాను. కాసేపటికి, “ఇంక ఊడిసేయమ్మా,” అన్నారు.

ఫోను పెట్టేసి చూస్తే వీధి దీపాలు వెలిగాయి. దీపాలు పెట్టాక ఇల్లు ఊడవకూడదు. చీపురు తలుపు వెనకాల పెట్టేసి, ఆ అడుగుల పక్కనుంచి నడిచి పైకి వెళ్ళిపోయాను.